దిబ్బ దగ్గర మల్లేశం కాక

మా వీధిలో కరెంటు పోయిందని ముందు తెలిసేది చెవులకు. ఫ్యాను ఆగడం తర్వాతి సంగతి. పక్క గల్లీలో సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. రాత్రింబగళ్లు టకటకలాడే సూరత్ నవాగామ్‌లో ఆ నిశ్శబ్దం ఒంటికి తగిలినట్టే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం కూడా అలాగే అయింది. తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టి ఊరికే కూర్చుండిపోయాను. అలాంటప్పుడు నాకు మల్లేశం కాక గుర్తుకొస్తాడు. ఆయన చెవులను ఆ చప్పుడే తినేసింది. కరెంటు పోయినా ఆయనకు వినబడి తెలిసేది కాదు, ఆగిన మగ్గాన్ని చూసి తెలుసుకునేవాడు.

కాక మాకు చుట్టం కాదు. సిరిసిల్ల వైపు నుంచి మా నాన్నతో పాటు సూరత్ వచ్చి, ఒకే కార్ఖానాలో పనిచేస్తూ, మా గదికి ఎదురు గదిలో ఉండేవాడు. భార్యాపిల్లలు ఊళ్లోనే. వయసులో ఉన్నప్పుడు పోలీసు ఉద్యోగం కోసం తెల్లారకముందే లేచి పరుగెత్తేవాడట. పరుగులో నెగ్గి, ఛాతీ కొలతలో పోయాడు. ఆ కొలత తీసిన మనిషిని ఇన్నేళ్ల తర్వాత కూడా తిట్టేవాడు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. నాకూ అంతే. బహుశా అందుకే మాకు కుదిరింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడిలో వ్యాయామం టీచరు నా పేరు జిల్లా క్రాస్ కంట్రీ పోటీకి ఇచ్చాడు. మైదానం చుట్టూ తిరిగే పరుగు కాదది. పొలాల్లో, బురదలో, కాలవ గట్ల మీద పరుగెత్తాలి. మొదటి ఆరుగురిని రాష్ట్ర పోటీకి పంపుతారు. నాన్న అడ్డు చెప్పలేదు, అలాగని పట్టించుకోనూ లేదు. ఆ సాయంత్రమే కాక మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

“దున్నిన చెల్కల ఎన్నడన్న ఉరికినవా?”

లేదని తల ఊపాను.

“మరేం పోటీ గది! రేపు పొద్దుగాల లెవ్వు. నేను డ్యూటీ దిగి అస్త.”

రాత్రి పాళీ దిగి, జుట్టు నిండా నూలు నుసితో, సైకిలు మీద వచ్చేవాడు. దిండోలి దాటాక ఖాళీ పొలాలు, కాలవ గట్టు. నేను ముందు పరుగెత్తితే పక్కనే తొక్కుతూ వచ్చేవాడు. మొదట్లో నన్ను వేగంగా పోనివ్వనే లేదు. “నిన్నెవలన్న తరుముతున్నరా? ముచ్చట పెట్టుకుంట ఉరుకు. మాట ఆగిందంటే ఎక్కువ ఉరుకుతున్నట్టు.” చెవులు వినబడని మనిషికి వినబడేలా నేను కబుర్లు చెబుతూ పరుగెత్తాలన్నమాట. బడి సంగతులన్నీ కాలవ పొడుగునా అరుస్తూ పోయేదాన్ని. ఆయనకు సగం కూడా వినబడవు. పెదాలు ఆడుతున్నాయా లేదా, అదొక్కటే చూసేవాడు. పొలాలకు పోయేవాళ్లు నిలబడి మమ్మల్ని వింతగా చూసేవారు.

ఆయన చెప్పినవన్నీ ఒప్పులే అనను. పరుగుకు ముందు బెల్లం ముద్ద తింటే బలమన్నాడు, నేను గట్టు మీదే కక్కుకున్నాను. తప్పు బెల్లానిదే అని కొట్టిపారేశాడు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి వేయడం, బురదలో నడిమధ్యకు పోకుండా గడ్డి ఉన్న అంచు పట్టుకుని పోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇంకో పాఠం మాత్రం ఎంతకీ పట్టుబడలేదు.

“సాంచె మీద దారం ఉత్తగనే తెగది బిడ్డా. తెగే ముందు జర వణుకుతది. మనిషి గూడ గంతే. ముంగట ఉరికేదాని భుజాలు సూడు. చెవుల దిక్కు లేసినయంటే దాని పని అయిపోయినట్టే. గప్పుడు దాటు.”

“నాకు కనబడ్తలేదు కాకా!”

“నాకు కనబడ్తది గదా. పోటీ దారిల ఒక దిబ్బ ఉన్నదట, గా దిబ్బ కాడ నిలబడి చెయ్యి లేపుత. గప్పుడు పో.”

సాంచెల మధ్య మాట వినబడదు కాబట్టి పనివాళ్లు అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. కాక మాట కంటే కాక చెయ్యి నాకు పెద్ద ధైర్యం.

పోటీ ఆదివారం, కడోదరా అవతల చెరకు తోటల్లో. కార్ఖానాలో సెలవంటే సెలవు కాదు, బదిలీ. మన మగ్గాలు ఇంకొకరు నడపాలంటే ముందు వాళ్ల పాళీ మనం నడపాలి. ఆ వారం కాకది పగటి పాళీ. శనివారం అది చేసి, దాని మీద ఇంకొకరి రాత్రి పాళీ కూడా చేసి, నేరుగా అక్కడికి వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కాసేపు పడుకోమన్నాను. “నువ్వు ఉరికినంక పండుకుంట” అని, నీళ్ల సీసా పట్టుకుని దిబ్బ వైపు వెళ్లిపోయాడు.

అందరూ బాణాల్లా దూసుకుపోయారు. నేను నాలో నేను గొణుక్కుంటూ, మాట ఆగకుండా చూసుకుంటూ వెనకే పోయాను. చెరకు తోట దాటేసరికి ముందు ఉరికినవాళ్లు ఒక్కొక్కరే నడకలో పడ్డారు. నాకు మాత్రం ఊపిరి ఇంకా మిగిలే ఉంది. అంత హాయిగా ఎప్పుడూ పరుగెత్తలేదు. దిబ్బ కనబడగానే కాక కోసం వెతికాను.

ఉన్నాడు. తుమ్మచెట్టుకు ఆనుకుని, గడ్డం ఛాతీ మీద వాల్చి, ఒళ్లో నీళ్ల సీసాతో నిద్రపోతున్నాడు. పక్కనే జనం “దౌడో, దౌడో” అని గొంతులు చించుకుంటున్నారు. నేను పిలిచినా వినబడదు. ఆగి, వెళ్లి, భుజం పట్టి కుదపాలి. అలా ఆగితే నన్ను అక్కడికి తీసుకొచ్చిన ఆయన కష్టమంతా పోతుంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే దిబ్బ ఎక్కాను. ఎదురుగా ఒక అమ్మాయి వీపు. ఆమె భుజాలు మెల్లగా చెవుల వైపు లేస్తున్నాయి. మొదటిసారి నాకే కనబడింది. ఆమెను దాటాను. ఆ తర్వాత మరో ఇద్దరిని. నాలుగోదాన్నిగా వచ్చాను.

వెనక్కి వెళ్లేసరికి జనమంతా వెళ్లిపోయారు, ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేపబుద్ధి కాలేదు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఉలిక్కిపడి లేచి నన్ను చూశాడు.

“షురువైందా?”

నాలుగు వేళ్లు చూపించాను. నా మోకాళ్ల దాకా ఉన్న బురద చూసి అర్థం చేసుకున్నాడు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

“దిబ్బ కాడ?”

“నేనే సూసుకున్న కాకా. భుజాలు లేసినయ్.”

నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. “గది సూసెతందుకే గదా బిడ్డా నేనచ్చింది. తియ్, ఇంకోసారి సూస్త.”

ఆ ఇంకోసారి రాలేదు. రాష్ట్ర పోటీ దూరాన జరిగింది, ఆయనకు బదిలీ దొరకలేదు. మరుసటేడు ఆయాసం ఎక్కువై ఊరికి వెళ్లిపోయాడు. నేను కాలేజీలోనూ పరుగెత్తాను, పతకాలూ వచ్చాయి. ఇప్పుడు బడిలో పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. ఆయన మాత్రం నా పోటీ ఒక్కటీ చూడలేదు. ఇన్ని గెలిచినా నాకు పోని వెలితి అదే.

కాక పోయాడని తెలిసి ఊళ్లో ఉన్న ఆయన భార్యకు, చిన్నమ్మకు, ఫోన్ చేశాను. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన గొంతుతో ఆమే నా సంగతి ఎత్తింది.

“నువ్వు దిబ్బ కాడ ముగ్గురిని దాటినవట గదా బిడ్డా. ఇంటికి ఎవలచ్చినా గదే ముచ్చట చెప్పెటోడు. నా కండ్లార సూసిన అనెటోడు.”



“అవును చిన్నమ్మా, సూసిండు” అన్నాను.