సముద్రంలో ఒక రాయి, దాని మీద నేను

ప్రాణాలతో ఇట్లా కూర్చుని టీ తాగుతాండానంటే అది నా తెలివి కాదప్పా, ఒక పడవవాని దయ! మొన్న పాంబన్ టూర్లో ఏమయిందో మీకింకా తెలీలేదా? మా పిల్లలు ఊరంతా చాటలేదంటే ఆశ్చర్యమే.

మా కాలేజీ జువాలజీ పిల్లలు పద్నాలుగు మందితో పాంబన్ పక్కన ఒక చిన్న దీవికి పోయినాం. వాళ్లకు సారును నేను. తోడు మా ల్యాబ్ అటెండరు ఓబులేసు, బత్తలపల్లె మనిషి. ఇద్దరమూ సముద్రం చూడ్డం అదే మొదలు. ఆరేళ్లుగా నాకు స్టార్‌ఫిష్ అంటే ఫార్మలిన్ జాడీలో పాలిపోయిన ఆ ఒక్కటే. ప్రాణంతో ఉండేదాన్ని చూడాలని ఎంత ఆశో!

పొద్దున నీళ్లు వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడినాయి. పిల్లల్ని ఒడ్డున గవ్వలు ఏరమని, నేనూ, నమూనాల కోసం పెద్ద జాడీ పట్టుకుని ఓబులేసూ నడుచుకుంటూ దూరంగా ఉన్న పెద్ద రాయి కాడికి పోయినాం. అద్దం మాస్కు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, రాయి పక్కన గుంతలో బోర్లా పడుకున్నా. అబ్బబ్బ! నీలం చేపలు, పసుపు చారల చేపలు! అంతలో ఒక ఆక్టోపస్, రాయి రంగులోకి మారి నక్కి కూర్చున్నాది. ఇంక నాకు లోకం లేదు.

ఓబులేసు భుజం తట్టినాడు. "సార్, నీళ్లు పెరుగుతాండాయి."

తల ఎత్తి కసిరినా. "వాన యాడ పడిందప్పా పెరిగేదానికి? జాడీ గట్టిగా పట్టుకో!"

చూడండి నా తెలివి! బోర్డు మీద చంద్రుణ్ణి గీసి మరీ ఆటుపోట్ల పాఠం చెప్పేది నేనే. కానీ మన జిల్లాలో వాన లేకుండా నీళ్లు పెరగడం ఎవరైనా చూసినారా? మనం చూసిందంతా ఇంకిపోవడమే కదా!

మళ్లీ తల ఎత్తేసరికి మేం నడిచొచ్చిన దారి లేదు. ఒడ్డు రెండు ఫర్లాంగులు. మధ్యలో అంతా నీళ్లే! గబగబా రాయి ఎక్కినాం.

"ఓబులేసూ, నీకు ఈత వచ్చు కదా!"

"వచ్చు సార్. బావిలో అయితే అలుపొస్తే గోడ పట్టుకుంటా. దీనికి గోడ యాడుండాది?"

నాకు ఆ బావి ఈత కూడా రాదు. నీళ్లు చీలమండల దాకా వచ్చినాయి. రెండు చేతులూ ఊపి కేకలు పెట్టినా. ఒడ్డున పిల్లలు కూడా సంతోషంగా చేతులు ఊపినారు! తర్వాత అందరూ తలలు వంచుకున్నారు. మోకాళ్ల దాకా వచ్చినాయి. మళ్లీ ఊపినా. మళ్లీ ఊపినారు, మళ్లీ తలలు వంచుకున్నారు. ఒక్కరికీ మా మీద జాలి లేదే!

నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో పెండ్లాం, ఏడాది పిల్ల. నేను నీళ్లలో మునిగి చచ్చినానని టెలిగ్రాం పోతే మా నాయన నమ్ముతాడా? "నీళ్లా? యాడివప్పా నీళ్లు?" అని తపాలా ఆయన్నే నిలదీస్తాడు.

"సార్," ఓబులేసు జాడీ పైకెత్తినాడు, "దీన్ని ఖాళీ చేసి మూత గట్టిగా బిగించేదా? తేలుతుందేమో."

"ఒక జాడీకి ఇద్దరమా?"

"మీరు పట్టుకోండి సార్. నేను మిమ్మల్ని పట్టుకుంటా."

నీళ్లు తొడల దాకా వచ్చినాయి. మళ్లీ చేతులు ఊపినా. కాళ్లు జారుతా ఉంటే, మమ్మల్ని దీవికి తెచ్చిన పడవవాడు అవతల నుంచి చూసి వచ్చినాడు. ఇద్దర్నీ మూటల మాదిరి పడవలోకి లాగి, అరవంలో దారి పొడుగునా తిట్టినాడు. అర్థం కాలేదు గానీ, అన్నీ నాకు తగినవే అనిపించింది.

ఒడ్డు చేరి పిల్లల మీద విరుచుకుపడబోయినా. అంతలో బైనాక్యులర్ మెడలో వేసుకున్న నాగరత్న, క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి, నోటుబుక్కుతో ఎదురొచ్చింది.

"సార్, ఎంత బాగా చూపించినారు! మీరు చేయి ఊపినప్పుడంతా టైము చూసి రీడింగ్ రాసుకున్నాం. తొమ్మిదిన్నరకు చీలమండ, పదిన్నరకు మోకాలు, పదకొండున్నరకు తొడ. పడవాయన తొందరపడినాడు గానీ, ఇంకో గంట ఉండింటే పోటు పూర్తి అయ్యేది సార్!"

పద్నాలుగు రికార్డుల్లోనూ బొమ్మ ఉండాది. సముద్రానికి ఒక లేబుల్, రాయికి ఒక లేబుల్. నా పక్కన బాణం గీసి ‘స్కేలు’ అని రాసినారు. ఏం చేస్తాను! అన్నిటికీ ‘వెరీ గుడ్’ అని సంతకం పెట్టినా.