కాల్చకముందే కోత

వేడి ట్రే మీద చల్లటి పాకం పోయగానే వచ్చే 'చుయ్'మనే చప్పుడు వింటే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతుంది. వెనక దీనమ్మ సిస్టర్ నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఆమె పోయి మూడేళ్ళయింది. బళ్ళారి సత్యనారాయణపేటలోని మా వంటింట్లో ప్రతి శనివారం నేను బక్లావా చేస్తాను. పలచటి మైదా పొరల మధ్య పప్పుల పొడి పరిచి, కాల్చి, పాకం పట్టించే అరబ్బుల మిఠాయి అది. బట్టల కొట్టువాడికి ఇదేం పని అని అడిగేవాళ్ళకు ఆమె గురించే చెబుతాను.

గల్ఫ్ ఆసుపత్రిలో చాలాకాలం నర్సుగా పనిచేసి వచ్చి, బళ్ళారి కంటోన్మెంట్‌లో స్థిరపడిన మనిషి ఆమె. కర్టెన్ల గుడ్డ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిన రోజు, బేరంలో నన్ను ఓడించి, ఓదార్పుగా ఒక బక్లావా ముక్క చేతిలో పెట్టింది. నన్ను బేరంలో ఓడించినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే. రెండో మనిషి మా ఆవిడ. జనం రెడీమేడ్‌కు మళ్ళి, మా కొట్లో ఈగలు తోలుకుంటున్న రోజులవి. ఆ ముక్క నోట్లో కరిగేలోపే, ఇది ఇంట్లో చేసి అమ్మితే ఎలా ఉంటుందనిపించింది.

"నాకు నేర్పిస్తారా సిస్టరమ్మా?"

"నేర్చుకునేకి వస్తాండావా, బేరమాడేకి వస్తాండావా?"

రెండింటికీ వెళ్ళాను. పిస్తాలు వద్దు, వేరుశనగ పప్పు చాలన్నాను, సరేనంది. నలభై పొరలెందుకు, ఇరవై చాలవా అన్నాను, ముప్పైకి దిగింది. పిండి ఒత్తడం మాత్రం నాకు సులువుగానే వచ్చింది. "మల్మల్ మాదిరి ఉండాలప్పా, అడుగునుండే నా చెయ్యి కనపడాల," అనేది. గుడ్డ సంగతి నాకు చెప్పాలా!

ఒక్క విషయంలో మాత్రం ఆమె దిగలేదు. "ఓవెన్‌లో పెట్టకముందే ముక్కలు కొయ్యి." నేను తల ఊపాను. తల ఊపడం బేరగాళ్ళకు అలవాటు. అది ఒప్పుకున్నట్టు కాదు.

కొన్నాళ్ళకు వాళ్ళ చర్చిలో ఒక పెళ్ళికి, ఆమె మాట మీద మిఠాయి నాకు అప్పగించారు. నా మొదటి ఆర్డరు. బాగుంటే నాకో దారి దొరుకుతుంది; చెడితే ఆమె మాట పోతుంది. ఆ పొద్దున ట్రే నింపి, కత్తి పట్టుకుని ఆగిపోయాను. ఎందరొస్తారో తెలియదు. చిన్న ముక్కలా, పెద్ద ముక్కలా? బేరం తెగందే గుడ్డకు కత్తెర పెట్టకూడదన్నది మా నాన్న నేర్పిన మొదటి పాఠం. కోసిన గుడ్డ మళ్ళీ తానులో కలవదు. అందుకని కోయకుండానే కాల్చి, పాకం పోసి తీసుకెళ్ళాను.

చర్చి వెనక గదిలో కత్తి పెట్టగానే పై పొరలు ఎండుటాకుల్లా పగిలాయి. పాకం అంచుల్లోనే నిలిచిపోయింది, లోపలంతా పొడిపొడి. దీనమ్మ సిస్టర్ వచ్చి చూసింది.

"ఏల కొయ్యలేదు?"

"ఎంతమందొస్తారో తెలీకుండా ఎట్ల కోసేదమ్మా?"

"ఇది నీ అంగడి గుడ్డ కాదప్పా. కోసిన దావలోనే కదా పాకం లోపలికి దిగేది!"

అంతే. తిట్టలేదు. ఆ చెక్కాముక్కా అంతా కాగితపు కప్పుల్లోకి ఎత్తి, ఇంకాస్త పాకం పోసి, చెంచాలు పెట్టి బయటికి పంపింది. "ఏందిది సిస్టరమ్మా, మిఠాయా ఉప్మావా?" అని ఒక పెద్దాయన నవ్వాడు. "ఇది కొత్త రకం సార్..." అని నేను మొదలుపెట్టేలోపే ఆమె అడ్డుపడింది.

"సుమ్మనుండప్పా. చెడిపోయింది సార్. నేర్పించింది నేను, తప్పు నాది. వచ్చే ఆదివారం ప్రార్థనయినాక టీకి మళ్ళా చేసుకొస్తాడు. తిని, అప్పుడు నగండి."

నన్ను అడగనే లేదు. నేను చేయగలనో లేదో తేలకముందే, నా తరఫున అందరి ముందూ మాట ఇచ్చేసింది. ఈసారి ముందే ముక్కలు కోసి, ఆ తర్వాతే కాల్చాను. ఆదివారం ట్రే ఖాళీ అయింది. అడుగున మిగిలిన పాకం ఆ పెద్దాయనే వేలితో తుడుచుకుని నాకాడు.

నేనేమీ పెద్దగా మారలేదు. కూరగాయలవాళ్ళు ఇప్పటికీ నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. కానీ శనివారం పచ్చి ట్రే ముందు నిలబడినప్పుడు మాత్రం ఎవరొస్తారో, ఎందరొస్తారో ఆలోచించను. కత్తి అడుగుదాకా దించుతాను. మూల ముక్కంటే దీనమ్మ సిస్టర్‌కు ఇష్టంగా ఉండేది. దాన్ని అమ్మను, మొదట తలుపు తట్టినవాళ్ళ చేతిలో పెడతాను. "ఎంతప్పా?" అంటారు వాళ్ళు. ఆ ఒక్క ముక్కకు మాత్రం ధర చెప్పను, "తినండి," అంటాను.