కోతుల మీదికి మా బావ కొన్న తుపాకి

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కుదురుగా కూర్చోగలిగిన ప్రతివాడికీ ఏదో ఒక దేశం వీసా ఇచ్చేసేది. రెండువేల సంవత్సరం రాగానే యంత్రాలన్నీ తేదీలు మరిచిపోతాయని పెద్ద పెద్ద బ్యాంకులు బెంగపెట్టుకునేవి. ఆ బెంగ పుణ్యమా అని నాలాంటివాళ్ళకు ఉద్యోగాలు దొరికేవి. అలా నేనూ సింగపూర్‌లో దిగి, బుకిట్ బటోక్‌లో మా అక్కా బావల ఫ్లాట్‌లో మకాం పెట్టి, రోజూ రైలెక్కి పాయా లేబర్‌లోని ఆఫీసుకు వెళ్ళొచ్చేవాణ్ణి. పగలంతా ప్రపంచాన్ని ప్రళయం నుంచి కాపాడుతున్నవాడికి (మా టీమ్‌లో అందరం మనస్ఫూర్తిగా అలాగే అనుకునేవాళ్ళం) సాయంత్రం పూట ఒక చిన్న ఇంటిని కాపాడటం ఏపాటి పని అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఇంటిమీదికి వచ్చేది దొంగలు కాదు, కోతులు. మా వంటింటి కిటికీ వెనకే చెట్లు నిండిన కొండ ఉండేది. కిటికీ వేస్తే వంటింట్లో ఉక్కపోత, తీస్తే కోతి. వాటిలో ఒక బలిసిన గండు కోతికి అక్క ‘మేనేజర్’ అని పేరు పెట్టింది. అది ఏ పనీ చెయ్యదు, మిగతావాటిని ముందుకు తోసి, దొరికినదాంట్లో పెద్ద వాటా తను పట్టుకుపోతుంది. అప్పుడు అక్కకు ఏడో నెల. సింగపూర్‌లో దొరికే ఏ కూరా నోటికి సహించక, అమ్మ పంపిన ఆవకాయతోనే రెండు ముద్దలు తింటూ ఉండేది. ఒక ఆదివారం ఆ జాడీ కాస్తా మేనేజర్ చేతిలోకి వెళ్ళింది. అది ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కారం నషాళానికి అంటగానే జాడీని కొండ రాళ్ళమీదికి విసిరేసి, మమ్మల్నే తిడుతున్నట్టు అరుచుకుంటూ పోయింది. అక్క నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. “ఏవండీ, ఈ ఇంట్లో మగవాళ్ళు ఇద్దరున్నారు. ఒక కోతిని ఆపలేరా?” అని అడిగింది.

ఆ మాట మా బావకు గుచ్చుకుంది. బావది కడప వైపు. వాళ్ళ తాతకు వేరుశనగ చేలమీద పడే అడవి పందుల్ని బెదరగొట్టడానికి లైసెన్సున్న తుపాకి ఉండేదట. ఆ సంగతి తెలియని తెలుగువాడు బుకిట్ బటోక్‌లో ఉండేవాడు కాదు. “తుపాకి ఉంటే గానీ ఈ జాతి మాట వినదు రా” అన్నాడు బావ. చూయింగ్ గమ్ అమ్మడానికే వీల్లేని ఊరు, తుపాకి అంటే ఉరికంబమే. “బావా, మీకేమన్నా మతిపోయిందా?” అంటే ఆయన చిద్విలాసంగా నవ్వి బొమ్మల దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడ కొన్నది నీళ్ళ తుపాకి. అలాంటిలాంటిది కాదు, చేతితో దరువేసినట్టు వెనక్కీ ముందుకీ లాగి గాలి ఎక్కించాలి. వీపుకు తగిలించుకునే నీళ్ళ డబ్బా, భుజానికి పట్టీ, గజం పొడవు గొట్టం.

దాన్ని బిగించడానికి ఒక సాయంత్రం పట్టింది. కాగితం మీద వివరమంతా చైనీస్‌లో ఉంది. “మనం ఇంజనీర్లం రా, బొమ్మలు చూసి బిగించలేమా?” అని బావ ముక్కలన్నీ చాపమీద పరిచాడు. అంతా అయ్యాక ఒక రబ్బరు ఉంగరం మిగిలింది. “ఇది ఎక్‌స్ట్రా ఇచ్చినారు లే” అని దాన్ని కిటికీ గట్టున పెట్టేశాడు. ఇక రంగు గొడవ. తుపాకి నారింజ రంగులో, అక్కడక్కడా చిలకపచ్చ పూతతో పెళ్ళి పందిరిలా ఉంది. “దీన్ని చూస్తే కోతి నవ్వుతాది. భయం పుట్టాల” అంటూ బావ ఆఫీసు బూట్ల నల్ల పాలిష్ డబ్బా మొత్తం దానికి పట్టించాడు. పని పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే నాకే నిజం తుపాకి అనిపించింది.

మరునాటి శనివారం సాధన మొదలు. ఇంటి ముందు పొడవాటి వరండా, దాని చివర పిట్టగోడ మీద ఖాళీ మైలో చాక్లెట్ పొడి డబ్బా గురి. నేను అప్పటిదాకా పట్టుకున్నది దీపావళి పిస్తోలు ఒక్కటే. “అట్ల కాదు రా, భుజానికి ఆనించు. చెంప ఆనించు. ఒక కన్ను మూయి. రెండూ కాదు, ఒకటి!” అంటూ బావ వెనక నిలబడి శిక్షణ ఇచ్చాడు. మొదటి ధార డబ్బాను వదిలేసి, పక్కింటి చైనీస్ ఆంటీ కర్రమీద ఆరేసిన పైజమాలను తడిపింది. ఆవిడ తలుపు తీసి, నన్నూ తుపాకినీ ఎగాదిగా చూసి, “అయ్యా! డ్రై ఆల్రెడీ లా!” అని, ఆరినవాటిని తడిపానని విసుక్కుంటూ పైజమాలు లోపలికి తీసుకుపోయింది. పోను పోను నాకు చెయ్యి తిరిగింది. ఒకసారి డబ్బా కూడా పడింది. బావ చప్పట్లు కొట్టాడు. నేను నిజంగానే సైనికుణ్ణైనట్టు ఛాతీ విరుచుకుని గొట్టం పైకెత్తి నిలబడ్డాను.

ఎదురు బ్లాకులో ఎవరికో నేను అలాగే కనబడ్డాను కాబోలు.

వరండాకు రెండు వైపులనుంచీ మెట్లమీద బూట్ల చప్పుడు వినబడింది. అటొకరు, ఇటొకరు పోలీసులు. “పుట్ డౌన్! స్లోలీ!” అని కేక వేశారు. బావ ఎవరూ అడగకుండానే రెండు చేతులూ పైకెత్తేశాడు. నా కళ్ళముందు ఉద్యోగం పోవడం, వీసా పోవడం, మా ఊరు తెనాలి రైల్వే స్టేషన్‌లో నాకోసం నిలబడ్డ మా నాన్న మొహం, అన్నీ గబగబా తిరిగాయి. మెల్లగా తుపాకిని నేలమీద పెట్టాను. పెట్టగానే, ఆ రబ్బరు ఉంగరం ఉండవలసిన చోటునుంచి, నీళ్ళు నెమ్మదిగా కారడం మొదలుపెట్టాయి. మడుగు పెరిగి పెరిగి పెద్ద పోలీసు బూటుదాకా వచ్చింది. ఆయన మడుగును చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ మడుగును చూశాడు. (ఆ నీళ్ళు తుపాకివేనని చెప్పాలనిపించింది.) ఆయన తమిళుడు. వంగి తుపాకిని వేలితో తాకాడు. వేలు నల్లబడింది. వాసన చూశాడు. “ఎన్న తంబీ ఇదు? షూ పాలిషా?” అన్నాడు.

అప్పుడు అక్క నడుం పట్టుకుని బయటికొచ్చింది. “సార్, మంకీ సార్. మై మదర్ సెండ్ పికిల్ సార్. మంకీ టేక్, ఈట్, త్రో!” అంటూ ఒక్కసారిగా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చట్టంలో దానికి ఏ సెక్షన్ వర్తిస్తుందో వాళ్ళకూ తెలిసినట్టు లేదు. పెద్దాయన బావతో మాత్రం గట్టిగానే చెప్పాడు. “రంగు ఎందుకు మార్చావు? మేం తొందరపడి కాల్చి ఉంటే ఏమయ్యేది? నా ముందే కడుగు.” ఆయన గొంతులో కోపంకంటే గండం తప్పిన ఊరట ఎక్కువ వినబడింది. అది నాకు చాలా ఏళ్ళ తరవాత గానీ అర్థం కాలేదు.

బావ వంటింటి తొట్టి దగ్గర గిన్నెల సబ్బుతో తుపాకిని విప్పి తోముతుంటే, పోలీసులిద్దరూ పక్కన నిలబడి పర్యవేక్షించారు. అక్క ఊరుకోలేక చేగోడీల పళ్ళెం పెద్దాయన చేతికిచ్చింది. ఆయన మొహమాటంగా ఒకటి కొరికాడో లేదో, కిటికీలోంచి మేనేజర్ దూకింది. పళ్ళేన్ని ఒక చేత్తో, పొయ్యి పక్కనున్న అరటిపళ్ళ అత్తాన్ని ఇంకో చేత్తో అందుకుంది. “షూట్ లా! షూట్!” అని అరిచాడు ఇందాక తుపాకి కింద పెట్టమన్న ఆ పెద్దాయనే. షూట్ చెయ్యడానికి ఏముంది? గొట్టం బావ చేతిలో, డబ్బా తొట్టిలో, మీట సబ్బు నురుగులో ఉన్నాయి. అక్క ఒక్కతే చీపురు తీసుకుని “పోరా నీ మొహం మండా!” అని తరిమింది. ఆ గొంతుకు కోతితోపాటు చిన్న పోలీసు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళేముందు పెద్దాయన చెప్పిన సలహా ఒకటే. “తంబీ, కిటికీకి వల కొట్టించు.” వారంలో వల వచ్చింది, అమ్మ ఇంకో జాడీ పంపింది. అక్కకు పండంటి ఆడపిల్ల పుట్టింది.

నా చెంపకంటిన పాలిష్ మాత్రం ఎంత రుద్దినా పోలేదు. సోమవారం అలాగే ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ చేరి నెలలు గడుస్తున్నా, నా ఇంగ్లీషుమీద నాకే అనుమానంతో, మధ్యాహ్నం ఒక మూల కూర్చుని డబ్బా విప్పుకుని తినేవాణ్ణి. ఆ రోజు పక్క సీటు మలయ్ కుర్రాడు నా మొహం చూసి ఏమైందని అడిగాడు. తప్పించుకోలేక, వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో అభినయిస్తూ మొత్తం కథ చెప్పాను. చెప్పడం అయ్యేసరికి చుట్టూ అరడజనుమంది చేరి కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. “కమ్, కమ్, మకాన్! మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి” అని నన్ను భోజనానికి లాక్కుపోయారు. ఆ తరవాత ఆ ఆఫీసులో నేను ఒంటరిగా తిన్న రోజు లేదు.

ఇప్పుడు నా ఇంగ్లీషుకు ఏ లోటూ లేదు. మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడతాను. ఎదుటివాళ్ళు మర్యాదగా తలలూపుతారు, ఎవరూ నవ్వరు. అలాంటప్పుడు, సగం మొహం నల్లగా పెట్టుకుని, క్రియాపదాలు లేని వాక్యాలతో దేశదేశాలవాళ్ళను నవ్వించిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడిలాగా ఇంకొక్కసారి మాట్లాడగలిగితే బాగుండుననిపిస్తుంది.