కిమోనోకు అతికించిన కుట్టుమిషన్

మొన్న మధ్యాహ్నం సగం కుట్టిన బొంత పూర్తిచేద్దామని మిషన్ మీది గుడ్డ తీస్తే, చేతిచక్రం లేదు. లోపలి పళ్లచక్రాలూ లేవు. దొంగ కోసం వెతికే పని పడలేదు. ఫ్యాషన్ డిజైన్ చదివే మా మనవరాలు హాల్లో అద్దం ముందు నిలబడి ఉంది. ఒంటిమీద జపానువాళ్ల కిమోనో, నడుముకు వెడల్పాటి పట్టీ, ఆ పట్టీ నిండా బంగారు రంగు పూసుకున్న నా మిషన్ భాగాలు.

"ఏమే ఈ వేషం?"

"స్టీమ్‌పంక్ జేజీ! ఆవిరి యంత్రాల కాలం మాదిరి. కాలేజీ షోకి కిమోనోతో కలిపినా. బాగుండాదా?"

"ఆ చక్రాలు తిరుగుతాయా?"

"యాడ తిరుగుతాయి? గమ్ముతో అంటించినా. ఊరికే చూసేదానికి."

"నిన్నటిదాకా తిరుగుతాండె కదే!"

"పాత మిషన్ కదా జేజీ, పనికిరాదనుకుంటి."

"మరి ఆ కిమోనో ఎవరు కుట్టిరి?"

"రాయదుర్గంలో, జీన్స్ కుట్టేవాళ్లు."

కుట్టే యంత్రాన్ని విప్పి, బయట కుట్టించుకొచ్చిన బట్టకు అతికిస్తే దాన్ని డిజైన్ అంటారని ఈ వయసులో తెలిసింది. ఊడదీసి ఇస్తానంది పాపం. చక్రాల పళ్ల మధ్య రంగు గడ్డకట్టింది, అవి ఇక తిరగవు. సగంలో ఆగిపోయిన ఆ బొంత తన హాస్టల్ మంచానికే.

పాతబడి కూడా పనిచేస్తున్నవి మీ ఇళ్లలో ఏమున్నాయో చెప్పండి, కలిసి దాచుకుందాం. నా మటుకు నేను, ఆ పిల్ల రంగుడబ్బా మూత తీస్తే చాలు, గదిలోంచి బయటికి పోతున్నాను.