కోటలో నాలుగోవాడు

పంతొమ్మిదేళ్ల వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. వీడియో గేముల మీద నా అభిప్రాయమేమిటో తెలుసుకోవాలని తెలుగువాళ్లంతా కాచుకుని ఉన్నారని. ఆ వయసులో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది, నాది ఇది. ధర్మవరం నుంచి హిందూపురానికి రోజూ రైల్లో పోయి డిప్లొమా చదువుకుంటూ, దారిలో పెనుకొండ కొండ మీది కోటను చూసినప్పుడల్లా ఆటల్లోని కోటల గురించే ఆలోచించేవాణ్ణి. ఇంటికి రాగానే కంప్యూటరు ముందు కూర్చుని, ఏ ఆట మంచిది, ఏది పనికిరాదు అని తీర్పులు చెబుతూ వీడియోలు తీసి నెట్లో పెట్టేవాణ్ణి. నా చానల్ చూసేవాళ్లలో సగం మంది మా చుట్టాలు. మిగతా సగం నా క్లాసువాళ్లు, వాళ్లు కూడా నేను పక్కన కూర్చుని బలవంతపెడితేనే చూసేవాళ్లు. అయినా ప్రతి వీడియోనూ "మిత్రులారా, చాలామంది అడుగుతున్నారు" అనే మొదలుపెట్టేవాణ్ణి. నిజానికి నన్నెవరూ ఏమీ అడగలేదు.

తీర్పు చెప్పడం సులువే, దాన్ని రికార్డు చేయడమే కష్టం. మా వీధిలో ఇంటింటికీ మరమగ్గాలు. తెల్లవారింది మొదలు అవి చేసే చప్పుడులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి పోవాల్సిందే. కరెంటు పోతే తప్ప మా వీధి నోరు మూసుకోదు. కరెంటు పోతే నా కంప్యూటరూ పోతుంది. దానికి ఒక పాత యూపీఎస్ ఉండేది, అది పది నిమిషాలు బతికేది. కాబట్టి తెలుగుజాతికి నేను చేసిన సేవంతా కరెంటు పోయిన తర్వాతి పది నిమిషాల్లోనే జరిగింది. (గొంతు వేరుగా, బొమ్మ వేరుగా తీసి తర్వాత అతికించుకోవచ్చని నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.)

ఆ పది నిమిషాలకూ ఇంకొక అడ్డం ఉండేది. మా ఇంట్లోది చేతిమగ్గం. దానికి కరెంటుతో పనిలేదు. వీధంతా ఆగిపోయాక అదొక్కటే టకటకమని వినిపించేది. మా నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఉండేవాడు. కరెంటు పోగానే నేను "నాయనా, పది నిమిషాలు" అని కేకేసేవాణ్ణి. ఆయన చేతులు ఆపేవాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆ మసక గదిలో, నేస్తున్న చీర మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చునేవాడు. నా గదికీ మగ్గం గదికీ మధ్య తలుపు లేదు, ఒక పాత చీర అడ్డంగా కట్టి ఉండేది. ఆయన వింటాడని నాకెప్పుడూ తట్టలేదు. నా వీడియోలన్నీ మొదటినుంచి చివరిదాకా విన్న మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడని, ఆయన నాకు అయిదడుగుల దూరంలోనే ఉన్నాడని తర్వాత తెలిసింది.

మా నాయన ఇల్లటం వచ్చిన అల్లుడు. పెళ్లి చేసుకుని అత్తగారింట్లోనే ఉండిపోవడాన్ని మా వైపు ఇల్లటం అంటారు. ఆయనది గాండ్లపెంట పక్కన పల్లె, జొన్న, వేరుశనగ పండించుకునే కుటుంబం. మా అమ్మ ఒక్కతే కూతురు, తన తర్వాత మగ్గం మూలపడుతుందని మా తాత ఈయన్ని తెచ్చుకున్నాడు. నాగలి పట్టిన చేతికి పట్టుపోగు లొంగడానికి ఏళ్లు పట్టిందట. పోయేదాకా మా తాత "అల్లునికి ఇంకా చెయ్యి కుదరలా" అనేవాడని అవ్వ చెప్పేది. ఇంట్లో అల్లుడనే పిలిచేవాళ్లు, అది విని వీధి కూడా అల్లుడనే పిలిచింది. పట్టు తెచ్చిచ్చే ఆయన, పాలు పోసే ఆమె, నాయన కంటే పదేళ్లు చిన్నవాళ్లు సైతం "అల్లుడప్పా" అనేవాళ్లు. బడిలో చేర్చిన రోజు అయ్యవారు మీ నాయన పేరేమని అడిగితే నేను "అల్లుడు" అని చెప్పానట. ఆ సంగతి చెప్పుకుని మా ఇంట్లో ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. నాయన కూడా నవ్వేవాడు.

ఆ ఎండాకాలం, హిందూపురంలో నా క్లాసువాడొకడు కోట ఆటకు కొత్త భాగం వచ్చిందని పెన్‌డ్రైవులో వేసిచ్చాడు. కోట ఆటంటే మాకు ప్రాణం. ముగ్గురు అన్నదమ్ములు తమ కోటను శత్రువుల నుంచి కాపాడుకోవాలి, ఆ ముగ్గురిలో ఎవరిగా కావాలంటే వాళ్లుగా మనం ఆడవచ్చు. కొత్త భాగంలో నాలుగోవాడొకడు వచ్చాడు. కొండ అవతలి నుంచి వచ్చిన మనిషి, చేతిలో ఒడిసెల, అంటే రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే తాడు. కోట పాతదే, శత్రువులు పాతవాళ్లే, ఈ మనిషి ఒక్కడే కొత్త. నేను వాడితో అరగంట ఆడాను. పెద్దన్న కత్తి పట్టుకుని శత్రువుల మధ్యకు దూకినట్టే వీణ్ణీ దూకించాను. దూకిన ప్రతిసారీ చచ్చాడు. అరగంటకల్లా నా తీర్పు సిద్ధమైంది. ఉన్న ఆటలోకి కొత్త మనుషుల్ని తెచ్చి చేర్చడం అవసరమా అని కాగితం మీద పెద్ద ఉపన్యాసం రాసుకుని, కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మరుసటి రోజు పదకొండు గంటలప్పుడు పోయింది. "నాయనా, పది నిమిషాలు" అన్నాను. మగ్గం ఆగింది. నేను గొంతు సవరించుకుని, చాలామంది అడుగుతున్నారని మొదలుపెట్టి, ఆ నాలుగోవాణ్ణి ఉతికి ఆరేశాను. కథ ముగ్గురిది, కోట వాళ్లది అన్నాను. చెప్పడానికి కొత్త కథ లేనప్పుడే ఈ ఆటలు చేసేవాళ్లు ఎక్కడి నుంచో ఒక మనిషిని తెచ్చి మన నెత్తిన పెడతారన్నాను. డబ్బులు దండగ అని కూడా అన్నాను (పెన్‌డ్రైవు సంగతి చెప్పలేదు). చివర్లో యూపీఎస్ కీచుమంటుంటే ఆవేశం ఆగక, కాగితంలో లేని మాట ఒకటి నోటికొచ్చింది. "మధ్యలో వచ్చినోడు మధ్యలో వచ్చినోడే మిత్రులారా. ఈ మనిషిని తీసేసినా కోటకేమీ కాదు." చాలా గొప్పగా కుదిరిందనుకున్నాను.

కరెంటు వచ్చింది, వీధి మళ్లీ మోగింది. మా మగ్గం మోగలేదు. ఆ రొదలో నేనది గమనించలేదు. అన్నం వేళకు అమ్మ వచ్చి నాయన ఏడని అడిగింది. మగ్గం మీద చీర సగంలో ఉంది, గుంత ఖాళీగా ఉంది. గడప దగ్గర కూర్చున్న అవ్వ, "అల్లుడు మగ్గం దిగి పాయ. యాడికప్పా అంటే పలకలా" అంది. అంగడికి పోయినా చెప్పి పోయే మనిషి. మగ్గం మీద చీర ఉంటే పగటిపూట గుంతలోంచి లేవని మనిషి. నాకప్పటికీ ఏమీ తోచలేదు. వీడియో సరిచేద్దామని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. నా ఆఖరి మాట తర్వాత వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది. మగ్గం పలక మీద చెయ్యి ఆనించి మనిషి పైకి లేస్తే అయ్యే కిర్రుమనే చప్పుడు. ఆ తర్వాత చెప్పుల చప్పుడు. మూడుసార్లు విన్నాను. మా ఇంట్లో కూడా నాయన రాకముందు ముగ్గురే ఉండేవాళ్లు, తాత, అవ్వ, అమ్మ.

అమ్మకు చెప్పలేక చెప్పలేక చెప్పాను. ఆమె చేతిలోని పోగులు చుట్టుకునే కండెను పక్కన పెట్టి పాత సంగతి చెప్పింది. పెళ్లయిన కొత్తలో తాత ఏదో అన్నప్పుడు నాయన రెండుసార్లు స్టేషనుకు పోయి కూర్చున్నాడట. ఒకసారి కదిరి రైలు ఎక్కి కూడా, తర్వాతి స్టేషన్లో దిగి నడుచుకుంటూ వెనక్కి వచ్చాడట. ఇవన్నీ అమ్మ నాకు అంతకుముందెప్పుడూ చెప్పలేదు. "అప్పుడు మా నాయన మాట మీద పోయినాడు. ఇప్పుడు నీ మాట మీద పోయినాడు. ఈసారి దిగుతాడో లేదో, పోయి చూడు" అంది.

పాత మోపెడ్ మీద రైల్వే జంక్షనుకు ఎలా పోయానో నాకు గుర్తులేదు. కదిరి వైపు పోయే రైలు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ కిటికీకీ తొంగిచూస్తూ, మా నాయన్ను చూశారా, తెల్ల అంగీ వేసుకుని ఉంటాడు అని అడుగుతూ పోయాను. రైల్లో సగం మంది తెల్ల అంగీలే వేసుకుని ఉన్నారు. టీ అమ్మే ఆయన జాలిపడి, పేరేమప్పా అని అడిగాడు. నోటికి ముందు "అల్లుడు" అనే వచ్చింది. దాన్ని మింగి అసలు పేరు చెప్పాను. అంతవరకూ ఆ పేరు నేను కాలేజీ కాగితాల మీద రాయడమే కానీ, నోటితో ఎవరికీ చెప్పినట్టు గుర్తులేదు. ఇంతలో రైలు కదిలింది. దాని వెంట కొంతదూరం పరిగెత్తి ఆగిపోయాను. ఆఖరి పెట్టె కూడా దాటిపోయాక, అవతలి ప్లాట్‌ఫారం మీద, సిమెంటు బెంచీ చివర, నాయన కూర్చుని కనిపించాడు.

పోయి పక్కన కూర్చున్నాను. నేనన్నది నిన్ను కాదు అని చెప్పడానికి దారంతా మాటలు కూర్చుకున్నాను. కానీ అవి బయటికి రాకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"ఏమప్పా, ఆ నాలుగోవానికి ఆటలో ఏం పని ఇచ్చినారు?"

ప్రత్యేకంగా పనేమీ లేదని, ముగ్గురూ చేసేదే వాడూ చేస్తాడని చెప్పాను.

"కోటలో జనం వాన్ని ఏమని పిలుస్తారు?"

నేను ఆలోచించాను. ఆ కోటలో అంగళ్లవాళ్లు, కాపలావాళ్లు ఉంటారు, మనం పక్కనుంచి పోతే పలకరిస్తారు. కానీ వాళ్ల మాటలన్నీ పాత ఆటలో ఉన్నవే. "పెద్దన్న పేరుతోనే పిలుస్తారు నాయనా. వాని పేరు పెట్టి ఎవురూ పిలవరు" అన్నాను.

నాయన పట్టాల వైపు నుంచి నా వైపు తిరిగాడు. "అట్లయితే తప్పు వానిది కాదు కదప్పా, తెచ్చినోళ్లది. మనిషిని తెచ్చుకున్నాక వాని పేరు నేర్చుకోవల్ల" అన్నాడు. కోపంగా అనలేదు, మగ్గం గురించి చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. పంతొమ్మిదేళ్లవాణ్ణి, మీసాలొచ్చినవాణ్ణి, ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా ఏడ్చాను. తప్పయిపోయిందన్నాను. నాయన నా వీపు మీద చెయ్యేసి, "నువ్వు నన్ను అనలేదని నాకూ తెలుసు. తెలిసినా ఆడ కూర్చోబుద్ధి కాలేదు" అన్నాడు. కాసేపటికి, వానితో ఎంతసేపు ఆడితివి అని అడిగాడు. అరగంట అన్నాను. ఒడిసెల ఉన్నవాణ్ణి శత్రువుల దగ్గరికే పంపితివా అని అడిగాడు. పంపానన్నాను. అప్పుడు నవ్వాడు. "జొన్నచేన్లో మంచె ఎక్కి తిప్పేది అది. ఒడిసెల పట్టుకుని పిట్ట పక్కకు పోతారా ఎవురైనా?"

ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఆయన మగ్గం గదిలోకి పోలేదు. చీర తెర పక్కకు తీసి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అలా కూర్చోవడం అదే మొదలు. ఆ నాలుగోవాణ్ణి కోట బురుజు ఎక్కించమన్నాడు. దూరంగా నిలబెట్టమన్నాడు. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు వదలాలో చెబుతుంటే నేను మీటలు నొక్కాను. చెబుతూ చెబుతూ ఆయన కుడిచెయ్యి తనకు తెలియకుండానే తల పైన తిరుగుతోంది. నా చేతిలో అరగంటలో అన్నిసార్లు చచ్చిన మనిషి, ఆ మధ్యాహ్నమంతా ఒంటి మీద గీటు పడకుండా కోటను కాపాడాడు. తప్పు వాడిది కాదు, వాణ్ణి పెద్దన్నలాగా ఆడించిన నాది. తెర దగ్గర నిలబడి చూసిన అవ్వ, "అల్లుడు పని ఇడ్సి బొమ్మలు చూస్తాండాడు" అని సణిగింది కానీ, లేపలేదు.

పాత వీడియో చెరిపేశాను. మళ్లీ కరెంటు పోయిన రోజు కొత్తది తీశాను. నేను కేకెయ్యకముందే అలవాటు కొద్దీ మగ్గం ఆగింది. "నేస్తా ఉండు నాయనా, ఏం పర్వాలేదు" అన్నాను. కాస్త తటపటాయించినట్టున్నాడు, తర్వాత టకటక మొదలైంది. ఆ చప్పుడు మధ్య నా కొత్త తీర్పు చెప్పాను. ఆటలోకి కొత్త మనిషి రావడం మంచిదే, వాడికి చేతనైన పని వాడికిస్తే, పాత కోట వాడి పేరు నేర్చుకుంటే. ఆ రెండూ చేయలేనివాళ్లు తేకుండా ఉండటమే మేలు. ఇంకా చెప్పాల్సింది చాలా ఉండింది, యూపీఎస్ ఆగిపోయింది.

ఆ వీడియోతో లోకమేమీ మారలేదు. మా వీధికి ఆయన ఇప్పటికీ అల్లుడప్పే. నేను పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో చేరి హిందూపురంలో కాపురం పెట్టాను. చేరిన కొత్తలో, నాకు ముందు ఆ చోట పనిచేసిన మనిషి పేరుతోనే అందరూ నన్ను ఏడాది పిలిచారు. పిలిచినప్పుడల్లా నాకు సిమెంటు బెంచీ గుర్తొచ్చేది. నాయనకు మోకాళ్లు పట్టేశాయి, గుంతలో దిగలేక నేయడం మానేశాడు. చానల్ ఎప్పుడో మూలపడింది కానీ ఆ వీడియో అలాగే ఉంది. పొద్దున ఫ్యాక్టరీ బస్సులో అప్పుడప్పుడు పెట్టుకుని వింటాను. ఆ పంతొమ్మిదేళ్లవాడు చాలామంది అడుగుతున్నారని మొదలుపెట్టగానే నవ్వొస్తుంది, పాపం ఎంత నమ్మకమో అనిపిస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దాని కింద రాసింది ఒకటుంది. వెనకాల టకటక ఏంది బ్రో, డిస్టర్బ్ అవుతాంది అని. నా వీడియోలన్నిటికీ కలిపి నన్ను నిజంగా ఒకరు అడిగిన ప్రశ్న అదొక్కటే. దానికి నేనప్పుడే జవాబు రాశాను. "అది మగ్గం చప్పుడు. నేసేది మా నాయన, కదిరప్ప."