నలభై మంది నూకినా కదలని బస్సు

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో ఏర్లమీద వంతెనలు తక్కువ. నీళ్లే రాని ఏటికి వంతెన దేనికని పెద్దలు అనుకున్నారేమో! మడకశిర వైపు నుంచి హిందూపురం పోయే మా బస్సు ఎండిన ఏట్లో దిగి, ఇసుకలో మూలుగుతూ అవతలి గట్టు ఎక్కేది. ఎక్కనినాడు మేమే దిగి నూకేవాళ్లం (మా వైపు తోయడాన్ని నూకడం అంటారు). డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరిగి తిరిగి, చివరికి హిందూపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం సంపాదించాను. ఫలానా రోజు సాయంత్రం అయిదులోపల చేరకపోతే అది జాబితాలో నా తర్వాతివాడికి పోతుంది. సరిగ్గా ఆ రోజే బస్సు ఏటి నడుమ కూలబడింది.

నలభై మందిమి దిగాం. మా ఆచారం ఏమిటంటే, ఐలేసా పాడేవాడు నూకనక్కర్లేదు. ఒకడు పాడితే తక్కినవాళ్లు నూకాలి. ఆ రోజు నలభై మందీ పాడేవాళ్లే. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన చంకలో మూట, బస్సుమీద రెండు వేళ్లు పెట్టి గొంతెత్తాడు. ఉద్యోగం నాది కాబట్టి అందరికంటే గట్టిగా నేనే అరిచాను. అరుపుతోనే బస్సు కదులుతుందని నా నమ్మకం కాబోలు. మాతోబాటు దిగి ఇసుకలో కూర్చుని వక్కాకు నములుతున్న ఒక అవ్వ కాసేపు చూసి అంది: "ఏమప్పా, నూకుతాండారా, బస్సుకు దీవెనలు ఇస్తాండారా? అందరూ చేతులు ఆనించినారు, ఒక్కరి కాలన్నా ఇసకలో దిగల్యా!"

అందరం కిందికి చూసుకున్నాం. నిజమే. నా కొత్త చెప్పులకు ఇసుకైనా సరిగా అంటలేదు. కండక్టరు విజిల్ ఊది, "అందరూ పక్కోడు నూకుతాండాడనే అనుకుంటాండారు. జరగండప్పా!" అని ఆరుగురిని ఏరాడు. "పట్టుచీరలన్నా, కుడిమూల నీది. కొత్తచెప్పులాయప్పా, నడిమి నీది. కదలకపోతే నీ పేరే చెప్తా." ఈసారి ఎవరూ పాడలేదు. నా కాళ్లు చీలమండల దాకా దిగాయి, ఒక చెప్పు ఇసుకలోనే ఉండిపోయింది, బస్సు మాత్రం గట్టెక్కింది. తక్కిన ముప్పై నలుగురూ, తాము ఐలేసా పాడి ఊపు తేబట్టే కదిలిందని దారి పొడుగునా చెప్పుకున్నారు.

ఒంటి చెప్పుతో ఆఫీసు చేరేసరికి అయిదుకు పది నిమిషాలు తక్కువ. ఏడుగురు గుమాస్తాలు. "ఆ సీట్లో అడుగప్పా," అని ఒకరు, "ఈయన కాదు, ఆయన," అని ఇంకొకరు. ఉద్యోగంలో చేరుతున్నానన్న కాగితం పట్టుకుని ఏడు బల్లలూ తిరిగొచ్చాను. చివరికి ఒకాయన ముందు నిలబడి, "కళ్లజోడన్నా! ఈ కాగితం నువ్వే తీసుకోవల్ల. నా ఉద్యోగం పోతే నీవల్లే పోయిందని ఊరంతా చెప్తా," అన్నాను. ఆయన గొణుక్కుంటూ తీసుకున్నాడు.

అలా ఎనిమిదో బల్ల నాదైంది. నెల తిరక్కుండానే నేనూ పక్క సీటు చూపించడం నేర్చుకున్నాను, అదీ ఎంతో మర్యాదగా. కొన్నాళ్లకు ఒక రైతు దరఖాస్తు పట్టుకుని బల్లలన్నీ తిరిగి, నా ఎదుట ఆగి, "అన్నా, నువ్వే తీసుకోవల్ల," అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరితో అంటున్నాడా అని! ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఆ వెంటనే నవ్వూ వస్తుంది.