ఉన్న ఫైలును లేదన్న నల్లతెర

బడికీ నాకూ ఏడో తరగతిలోనే తెగిపోయింది. లెక్కల అయ్యవారు నన్ను చూసి రోజూ కళ్ళు మూసుకునేవారు. ఒకరోజు ఆయన కళ్ళు తెరిచేసరికి నేను అరవదేశంలోని ధర్మపురి బస్టాండు దగ్గర అచ్చాఫీసులో కాగితాలు కత్తిరిస్తున్నాను. అంతటి విద్వాంసుణ్ణి కనుక, మొన్న మా కులదేవత పండగ పిలుపు పత్రిక ఫోనులో వచ్చినప్పుడు ముందు నా కళ్ళద్దాలనే అనుమానించాను. అద్దాల తప్పేమీ లేదు. పైనుంచి కిందిదాకా అరవం, మధ్యమధ్య ఇంగ్లీషు, తెలుగు అక్షరం మచ్చుకైనా లేదు. తయారు చేసినవాడు సాక్షాత్తూ మా అబ్బాయి.

ఒళ్ళు మండదా చెప్పండి? ఆ పిలుపును తెలుగులో అచ్చు వేయడానికి ఒకప్పుడు నేను మిషనుతో పడిన గొడవ నా ఈడువాళ్ళకైతే అర్థమవుతుంది. అప్పట్లో నాకు సొంతంగా చిన్న డీటీపీ అంగడి ఉండేది. మా ఇళ్ళల్లో మాట తెలుగే అయినా రాత చదవగలిగినవాళ్ళు బహు తక్కువ. నాకు మా తాత పలక మీద దిద్దించాడు కాబట్టి వచ్చు. ఏటేటా పిలుపు పక్కనున్న కారిమంగళంలో, అరవంలోనే అచ్చయ్యేది. ఆ ఏడు, కులం పెద్దగా ఉన్న మా పెద్దనాయన, ఈసారైనా మన అక్షరం కంటబడాలని పట్టుబట్టి, పొద్దు గుంకేలోగా నీ అంగడిలో తెలుగు కాగితం రాకపోతే మామూలుగా కారిమంగళానికే పంపేస్తానని చెప్పి వెళ్ళాడు.

నేనేమో కంప్యూటరులో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసుకొని, ఉత్సాహం కొద్దీ దాని తెరమీది పేర్లన్నీ నిలువునా తెలుగులోకి మార్చి ఉన్నాను. కొత్త ప్రింటరుకు కావలసిన సాఫ్ట్‌వేరు నెట్లోంచి దించుకొని, టెర్మినల్ అనే నల్లతెర తెరిచి, ఎవరో మహానుభావుడు నెట్లో రాసిన ప్రకారం డౌన్‌లోడ్స్ అనే ఫోల్డరులోకి పొమ్మన్నాను. అలాంటి ఫోల్డరు లేదంది. పోనీ ఫైలునే ఇన్‌స్టాల్ చెయ్యమన్నాను. అలాంటి ఫైలూ లేదంది. పక్క కిటికీలో ఆ ఫైలు పెళ్ళికొడుకులా కూర్చుని నా వైపే చూస్తోంది. కల్లు తాగి వచ్చినవాడైనా అంత ధైర్యంగా అబద్ధమాడడు. మళ్ళీ దించాను, పేరు మార్చాను, మిషను ఆపి తిరిగి వేశాను. లేదు, లేదు, లేదు. బయట ఎండ వాలుతోంది.

నా అరుపులు విని, అన్నం తెచ్చిన మా ఇంటామె క్యారియరు కింద పెట్టి అంది:

“మీరు వంటింట్లో నిలబడుకోని టవలు లేదు, టవలు లేదని అరుస్తారే, అది వాకిట్లో తిన్నె మీద ఉంటాది గదా. ఈ మిషను మీ దగ్గరే నేర్చుకొనుండాది.”

నవ్వు రాలేదు గాని చెయ్యి ఆగింది. నల్లతెర నిలబడి వెతుకుతున్న చోటు ఒకటి, ఫైలు ఉన్న చోటు ఇంకొకటి. తెలుగు చేసింది నేనే కదా, డౌన్‌లోడ్స్ కాస్తా ‘దింపుకోళ్ళు’ అని పేరు మార్చుకుని, సంతలో బుట్ట దించినట్టు దర్జాగా కూర్చుంది. ఇంగ్లీషులో పిలిస్తే ఎందుకు పలుకుతుంది? ఇన్‌స్టాల్ చెయ్యమనే ఆజ్ఞ కొట్టి, ఫైలును మౌసుతో లాగి నల్లతెర మీద వదిలాను. అది ఉన్న చోటు పేరు, ఆ కోళ్ళతో సహా, తనంతట తానే రాసుకుంది. ఎంటర్ నొక్కాను. కాసేపటికి ప్రింటరు గరగరమంది.

పెద్దనాయన వచ్చి కాగితం అందుకున్నాడు. ఒక్క ముక్క చదవలేడు. ఇందులో తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, చూపించిన చోట వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

ఇప్పుడు ఫోనులో ఏదైనా వేలితో తాకితే దిగిపోతుంది. దిగకపోతే ఏదో పొరపాటు జరిగిందంటుందే గాని, ఏం జరిగిందో చెప్పదు. ఆ నల్లతెర అబద్ధమైనా ముఖం మీదే చెప్పేది, పోట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికినట్టుండేది. ఈ కథంతా మా అబ్బాయికి చెప్పి, మేమంత కష్టపడి వేసిన అక్షరం ఒక్కటి పెట్టడానికి నీ వేళ్ళేమైనా అరిగిపోయాయా అని నిలదీశాను. వాడు ఫోను మీది నుంచి తలెత్తి, మెల్లగా అన్నాడు:

“కంప్యూటరుకు తెలుగు రాసేది నేర్పించినావు. నాకెప్పుడు నేర్పిస్తివి నాయనా?”